పలక మీది అంకె

కిందటి సంక్రాంతికి మార్కాపురం వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు ఒక ప్రశ్న అడిగాడు. రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూర్చుని పాత సంగతులు చెప్పుకుంటున్నాం. ఎవరి ప్రస్తావనో రాగా మా అక్క, "ఆయన ఇల్లు సింగిల్ నంబరులో పోయింది గదా!" అన్నది. అంతదాకా ఫోనులోంచి తల ఎత్తని పిల్లవాడు, "సింగిల్ నంబరంటే ఏంది మామా?" అన్నాడు.

"ఒకప్పటి లాటరీ లేరా" అని తేల్చేయబోయాను. వాడు వదలలేదు. "ఎట్టా ఆడేవాళ్ళు?" అన్నాడు.

మా అక్క నావైపు చూసి ఊరుకుంది. ఆ ఇంట్లో ఆ ఆట గురించి నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ రాత్రి వాడికి సగమే చెప్పాను. మిగతా సగం కూడా చెప్పవలసి ఉన్నది గనుక ఇది వ్రాస్తున్నాను.

మా ప్రాంతం ఎరుగని వారికోసం ముందుగా రెండు మాటలు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలనుంచి తలా ఒక ముక్క తెచ్చి కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలునుంచి వచ్చిన ముక్క. కాగితం మీద కోస్తా వాళ్ళమేగాని, మాకు సముద్రంకంటే నల్లమల దగ్గర. మాటలోనూ, కరువులోనూ రాయలసీమ పాలే ఎక్కువ. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు కింద తప్ప, మిగిలినచోట్ల రైతు ఆకాశం వైపు చూడవలసినదే. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళకోసం దశాబ్దాలు ఎదురుచూసిన నేల మాది.

పొలం అన్నం పెట్టనప్పుడు మా ఊరికి అన్నం పెట్టింది రాయి. తెలుగుదేశంలో ఒక తరం పిల్లలు ఓనమాలు దిద్దిన పలకల్లో చాలావాటికి పుట్టిల్లు మార్కాపురం. గనిలోంచి తీసిన రాతిని పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. మా చిన్నతనంలో ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా రాతిని కోసే చప్పుడు వినిపించేది. ఆ బూడిదరంగు దుమ్ము మనుషుల కనుబొమ్మల మీద, ఆరేసిన బట్టల మీద, ఆఖరుకు వాళ్ళ ఊపిరిలో కూడా ఉండేది. కూలి వారానికొకసారి. శనివారం మధ్యాహ్నం బట్వాడా. ఈ 'వారానికొకసారి' అన్న మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉన్నది.

ఇక లాటరీ సంగతి.

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఒక విచిత్రం ఉన్నది. జూదం, పందేలు రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. ప్రభుత్వాలు నడిపే లాటరీలు మాత్రం కేంద్ర జాబితాలో 40వ అంశం. అంటే, అరుగు మీద నలుగురు పేకాడితే పట్టుకోవడానికి రాష్ట్రానికి అధికారం ఉన్నది. ఇంకొక రాష్ట్రప్రభుత్వం పేరుతో టిక్కెట్టు వచ్చి మన వీధిలో అమ్ముడుపోతుంటే మాత్రం చట్టం తటపటాయించవలసి వచ్చేది. 1967లో కేరళ ప్రభుత్వం లాటరీ పెట్టింది. టిక్కెట్టు రూపాయి, మొదటి బహుమతి యాభై వేలు, మొదటి డ్రా 1968 జనవరి 26న. 1968లోనే తమిళనాడు కూడా మొదలుపెట్టింది. తక్కిన రాష్ట్రాలు ఒకటొకటిగా అదే దారి పట్టాయి.

ఆ పాత లాటరీ వేరు. దాని మీద అక్షరాలూ, ఆరేడు అంకెలూ కలిసిన పొడుగాటి నంబరు ఉండేది. టిక్కెట్టు కొని దేవుడి పటం వెనుక పెట్టి రోజుల తరబడి ఎదురుచూడాలి. ఫలితాలు వార్తాపత్రికలో చీమల బారులాగా అచ్చయ్యేవి. వాటి మీద వేలు పెట్టి వెదుక్కుని, లేదని తెలుసుకుని, నిట్టూర్చి టిక్కెట్టు చించేసేవారు. దానివల్ల నష్టం లేదనను. కాని అది నెమ్మదైన నష్టం. మనిషికి ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండేది.

సింగిల్ నంబరు ఆ వ్యవధిని తీసేసింది.

1990ల మొదట్లో, నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసిన వేసవిలో, మా ఊరి బస్టాండు దారిలో ఒక బంకు ఉండేది. ముందువైపు అడ్డంగా దారాలు కట్టి, బట్టలు ఆరేసే క్లిప్పులతో టిక్కెట్ల కట్టలు వేలాడదీసేవారు. వాటి మీద ఎక్కడో ఉన్న ఈశాన్య రాష్ట్రాల పేర్లు, భూటాన్ పేరు. సిక్కిం ఎక్కడున్నదో తెలియని మా వాళ్ళకు సిక్కిం పేరు మాత్రం కంఠోపాఠం. టిక్కెట్టు పదకొండు రూపాయలు. నంబరు ఎంత పొడుగున్నా చూడవలసినది ఆఖరి అంకె ఒక్కటే. డ్రాలో వచ్చిన నంబరు ఆఖరి అంకె, నీ టిక్కెట్టు ఆఖరి అంకె ఒకటైతే వంద రూపాయలు. కాకపోతే ఆ కాగితం కాలవలోకి. సున్నానుంచి తొమ్మిది దాకా పది అంకెలు, పది కట్టలు. ఇష్టమైన కట్టలోంచి ఇష్టమైనన్ని చించుకోవచ్చు. అదే ఆట. అయిదేళ్ళ పిల్లవాడికి కూడా అర్థమయ్యే ఆట, అదే దాని బలం.

ఉదయం పదింటినుంచి రాత్రి ఏడింటిదాకా ఇంచుమించు గంటకొక డ్రా. పక్కనున్న ఎస్టీడీ బూతులో ఫోను మోగేది. అక్కడి కుర్రవాడు చీటీ మీద అంకె వ్రాసి పరుగెత్తుకొచ్చేవాడు. బంకు చుట్టూ ఉన్న ముప్పై, నలభై మంది ఒక్కసారిగా మాట మానేసేవారు. చీటీ అందుకుని ఆ అంకెను అందరికీ కనిపించేలా పెద్దగా వ్రాసి తగిలించాలి.

దేనిమీద వ్రాసేవారంటారా? మార్కాపురంలో వ్రాతకు కరువేమున్నది! మూల చిట్లిందని ఫ్యాక్టరీవాళ్ళు పక్కన పడేసిన పెద్ద పలక ఒకటి తెచ్చి, తాడు కట్టి మేకుకు తగిలించారు. దాని మీద సుద్దముక్కతో అంకె.

ఆ అంకె వ్రాసినవాడిని నేను.

దస్తూరీ బాగుంటుందని, లెక్కలు వచ్చినవాడినని బంకు ఆయన నన్ను పెట్టుకున్నాడు. రోజుకు పది రూపాయలు, రెండు టీలు. ఇంట్లో ట్యూషను చెప్తున్నానని చెప్పాను. పలక మీద వ్రాయడంతోపాటు ఒక నోటుపుస్తకంలో ప్రతి డ్రా అంకెనూ వరుసగా ఎక్కించడం కూడా నా పనే. దానిని 'చార్టు' అనేవారు. ఆడడానికి వచ్చిన ప్రతివాడూ ముందు చార్టు చూసేవాడు. "అబ్బయ్యా, ఆరు వచ్చి ఎంతసేపయింది?" "నిన్న మధ్యాహ్నం నుంచి తొమ్మిది లేదు గదా?" అని ఆరాలు. కలలకు కూడా అంకెలుండేవి. పాము కనిపిస్తే ఒకటి, పెళ్ళి కనిపిస్తే రెండు, శవం కనిపిస్తే అదృష్టం. తిరుపతి బస్సు నంబరు ఆఖరి అంకె పట్టుకుని ఆడినవారిని, చెన్నకేశవస్వామి గుడిలో చీటీలు తీసి వచ్చి ఆడినవారిని కూడా చూశాను.

ఈ అంకెల పిచ్చి మాకు కొత్త కాదు. అంతకుముందే మట్కా ఉన్నది. బొంబాయిలో ఒకప్పుడు న్యూయార్కు పత్తి ధరల ప్రారంభ, ముగింపు అంకెల మీద పందేలు కాసేవారు. ఆ ధరలు రావడం ఆగిపోయాక 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంతంగా అంకెలు తీయడం మొదలుపెట్టారు. ఓపెన్, క్లోజ్ అన్న మాటలు ఆ పత్తి బజారునుంచి వచ్చినవే. అవి బొంబాయినుంచి బయలుదేరి రాయలసీమ పల్లెలదాకా వచ్చాయి. కాని మట్కా చీటీ జేబులో ఉంటే పోలీసు భయం. సింగిల్ నంబరు టిక్కెట్టు మీద ఒక ప్రభుత్వం పేరు ఉండేది. ఆడవాళ్ళు కూడా చాటు లేకుండా వచ్చి కొనేవారు. "సర్కారు వాళ్ళే అమ్ముతుంటే తప్పేముంది?" అన్న మాట ఆ వేసవిలో నేను వందసార్లు విని ఉంటాను. ఆట మట్కాదే, మీద రాజముద్ర ఒకటి వచ్చి చేరింది.

పనిలో చేరిన మూడవరోజో, నాలుగవరోజో, బేరం లేని వేళ నోటుపుస్తకం వెనుక అట్ట మీద ఒక లెక్క వేశాను. పది అంకెలకూ పది టిక్కెట్లు కొంటే? ఒకటి తగిలి తీరుతుంది. ఖర్చు 110, రాబడి 100. ఓడిపోవడానికి వీలే లేకుండా ఆడినా పది రూపాయలు పోతాయి! ఇంకొంచెం ముందుకు వెళ్ళాను. ఆడేవారందరినీ కలిపి ఒక్కడే అనుకుంటే, వాడు పెట్టిన ప్రతి పదకొండు రూపాయల్లో ఒక రూపాయి ప్రతి డ్రాకు కరిగిపోతుంది. వచ్చినదాన్నే మళ్ళీ పెడుతూ పోతే వంద రూపాయలు పది డ్రాలకు సగటున 38 రూపాయలవుతాయి. ఇరవై డ్రాలకు 15కు లోపే. మా బంకులో పది డ్రాలంటే ఒక్కరోజు.

నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. పుస్తకంలో చదివిన లెక్క వీధిలో కనిపించిన మొదటిరోజు అది. పరుగున వెళ్ళి బంకు ఆయనకు చూపించాను. ఆయన శ్రద్ధగా చూశాడు. నవ్వాడు. గల్లాపెట్టెలోంచి అయిదు రూపాయల కాగితం తీసి నా చేతిలో పెట్టి, "నీకు మంచి బుర్ర ఉంది అబ్బయ్యా. ఈ లెక్క మాత్రం నీ కాడనే పెట్టుకో" అన్నాడు.

పెట్టుకున్నాను.

మా వీధిలో పలకలు కోసే పనిచేసే ఒకాయన ఉండేవాడు. చుట్టరికం లేదుగాని నేను చిన్నాయనా అని పిలిచేవాడిని. మా నాయన జబ్బుపడినప్పుడు మంచం పట్టి బస్టాండుదాకా మోసినవారిలో ఆయన ఒకడు. తాగుడు లేదు. ఒక కూతురు, ఏడవ తరగతి చదువుతున్నది. ఒక శనివారం మధ్యాహ్నం బట్వాడా తీసుకుని ఇంటికి పోతూ బంకు ముందు ఆగాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. తరువాత అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏం అబ్బయ్యా, ఏది తగుల్తాదంటావు?"

నేను చార్టు తిరగేశాను. నాలుగు వచ్చి ఇరవై డ్రాలయింది. "నాలుగు రావాల చిన్నాయనా, రెండు దినాల నుంచి రాలేదు" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. ఏదైనా ఒక అంకె ఇరవై డ్రాల్లో ఒక్కసారీ రాకపోవడం వందకు పన్నెండు సార్లు జరిగే సంగతి. అందులో వింతేమీ లేదు. ఇరవై ఒకటవ డ్రాలో అది వచ్చే అవకాశం అప్పుడూ పదింట ఒకటే. పలక తుడిచాక దానిమీద ఇంతకుముందు ఏమున్నదో పలకకు గుర్తుండదు. అంకెకూ అంతే. గుర్తుపెట్టుకునేది మనం, మన గుర్తును అంకెకు అంటగట్టి, అది మనకేదో బాకీ ఉన్నదనుకుంటాం. చార్టు అనేదాని పని ఆ భ్రమను పోషించడమే. దానిని చక్కటి దస్తూరీతో నింపినవాడిని నేను.

ఆయన దగ్గర 270 రూపాయలున్నాయి. మొదట ఒక టిక్కెట్టు తీసుకున్నాడు. నేను పలక తుడిచి ఏడు వ్రాశాను. రెండు తీసుకున్నాడు. సున్నా వ్రాశాను. 'డబ్లింగు' అని పక్కవాళ్ళు నేర్పారు. పోయిన ప్రతిసారీ రెట్టింపు వేస్తే, తగిలిన ఒక్కసారితో పోయినదంతా తిరిగి వస్తుందని దాని సూత్రం. సూత్రంలో తప్పు లేదు, జేబుకు అడుగు లేకపోతే. నాలుగు టిక్కెట్లు. తరువాత ఎనిమిది. అప్పటికి 165 పోయాయి. పదహారు కొనాలంటే 176 కావాలి, మిగిలినవి 105. తొమ్మిది కొన్నాడు. నేను పలక తుడిచి మూడు వ్రాశాను.

ఆరు రూపాయలు పట్టుకుని ఆయన అక్కడే నిలబడ్డాడు. పదకొండు ఉంటేగాని టిక్కెట్టు రాదు. ఆఖరి డ్రా ఏడింటికి. ఎస్టీడీ కుర్రవాడు చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాలుగు.

వ్రాయడానికి చెయ్యి ఆడలేదు. బంకు ఆయన కసిరాడు. వ్రాశాను. ఆయన తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. దగ్గరకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పింది నిజమే అబ్బయ్యా. నాకే డబ్బు చాల్లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటే ఆయనను ముంచింది. నేను చెప్పినది తప్పయి ఉంటే ఆ శనివారంతో ఆయనకు ఆట మీద అసహ్యం పుట్టి ఉండేదేమో. నిజం కావడంతో, లోటు తన జేబులోనే ఉన్నదని నమ్మాడు. మరుసటి వారం వారంవడ్డీకి అప్పు తెచ్చాడు. తగిలిన రోజులు లేకపోలేదు. ఒక సాయంత్రం ఆరు టిక్కెట్లు తగిలి ఆరు వందలు తీసుకుని, నాకు మిఠాయి పొట్లం కూడా ఇచ్చి వెళ్ళాడు. ఆ ఆరు వందలు మూడురోజుల్లో తిరిగి బంకుకే చేరాయి. ఆ తరువాత చిన్నమ్మ కమ్మలు పోయాయి. ఆ పైన ఇల్లు.

ఒకరోజు చిన్నమ్మ బంకు దగ్గరకు వచ్చింది. పెద్దగా అరవలేదు. చార్టు వైపు, పలక వైపు, నా చేతికి అంటిన సుద్ద వైపు చూసింది. "ఇది రాసేది నువ్వేనా నాయనా? బాగుంది రాత" అని వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను ఆ పని మానేశానని వ్రాస్తే చదివేవారికి తృప్తిగా ఉండేది. నేను మానలేదు. వేసవి సెలవులు అయ్యేదాకా రోజుకు పది రూపాయలు తీసుకుంటూనే ఉన్నాను. ఆ డబ్బుతో రెండవ సంవత్సరం పుస్తకాలు కొనుక్కున్నాను. ఆ జూన్‌లో బడి తెరిచేసరికి చిన్నాయన కూతురు బడికి రాలేదు. పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పనికి పోయింది. ఊళ్ళ పిల్లలకు చదువుకునే పలక తయారుచేసే పని... తాను పలక పట్టే వయసు పూర్తిగా దాటకుండానే.

ఆ ఆటను చట్టం ఆలస్యంగా పట్టుకుంది. పార్లమెంటు 1998లో లాటరీల నియంత్రణ చట్టం చేసి, అది 1997 అక్టోబరు 2నుంచే, అంటే గాంధీ జయంతినుంచే, అమలులోకి వచ్చినట్లు లెక్క అన్నది. దాని నాలుగవ సెక్షనులో మొదటి షరతే ఇది: ముందుగా ప్రకటించిన నంబరు మీదగాని, ఒంటి అంకె ఆధారంగాగాని బహుమతి ఇవ్వకూడదు. ఒక లాటరీకి వారంలో ఒకటికి మించి డ్రా ఉండకూడదు. డ్రా ఆ రాష్ట్రంలోనే, ఆ ప్రభుత్వమే తీయాలి. అమ్మిన డబ్బు ప్రభుత్వ ఖాతాలో పడాలి. అయిదవ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రం పరరాష్ట్రాల టిక్కెట్లను నిషేధించుకోవచ్చు. 1999లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూ, తాను లాటరీ నడుపుకుంటూ ఇతరుల లాటరీలను ఆపడం కుదరదని, తనకూ లేనప్పుడే ఇతరులవి ఆపవచ్చునని తేల్చింది. తమిళనాడు 2003లో మొత్తం మానుకుంది. కేరళ చట్టం ప్రకారం నడుపుకుంటున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లాటరీ టిక్కెట్ల అమ్మకానికి అనుమతి లేదు.

ఆ షరతులను మొదటిసారి చదివినప్పుడు, వాటిని వ్రాసినవారు మా బస్టాండు బంకు ముందు ఒక శనివారం నిలబడి చూసి వ్రాశారా అనిపించింది. ఒంటి అంకె వద్దు, గంటకొక డ్రా వద్దు: ఆ రెండు ముక్కలు తీసేస్తే ఆ ఆటలో ఇంకేమీ మిగలదు. వారానికొకసారి కూలి పడే ఊళ్ళో గంటకొక డ్రా తీస్తే, వారం కూలి ఒక్క మధ్యాహ్నంలో పోవడానికి అవధులేమున్నాయి? చిన్నాయన విషయంలో పట్టింది అయిదు డ్రాలు.

నేను డిగ్రీకి గుంటూరు వెళ్ళి, తరువాత ఉద్యోగం వెదుక్కుంటూ తిరుగుతున్న రోజుల్లో ఒకసారి ఇంటికి వస్తే బంకు ఉన్నచోట జిరాక్సు దుకాణం ఉన్నది. పలక తగిలించిన మేకు మాత్రం పక్కగోడకు అలాగే ఉన్నది. రాతి పలకలకు కూడా క్రమంగా కాలం చెల్లింది. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఆ తరువాత నోటుపుస్తకాలే.

మళ్ళీ ఈ సంక్రాంతి దగ్గరకు వస్తాను. పిల్లవాడికి ఆట సంగతి చెప్పి, నా సంగతి చెప్పకుండా పడుకున్నాను. తెల్లవారి చిన్నాయన కూతురు దారిలో ఎదురుపడింది. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. తాను ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నది. చంకలో నాలుగైదు ప్లాస్టిక్ పలకలున్నాయి. క్షేమసమాచారాలయ్యాక, రాత్రినుంచి మనసులో ఉన్నది గనుక, నోట్లోంచి వచ్చేసింది. "ఆ నాలుగు చెప్పింది నేనేనమ్మా" అన్నాను.

"తెలుసన్నా. మా నాయన పోయే ముందు కూడా దాన్నే తలుచుకునేవాడు. పదహారు టిక్కెట్లు కొని ఉంటే పదహారు వందలు వచ్చేవని" అన్నది.

నేను ఆ లెక్క సంగతి కూడా చెప్పాను. పది టిక్కెట్లు, నూట పది, వంద. ఆమె విన్నది. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "కోపమేం లేదన్నా, నువ్వూ పిల్లోడివే. కాని ఆ లెక్క నీకు ఆ పొద్దే తెలుసంటివే... మా నాయనకు ఒక్కసారి చెప్పకపోతివి. ఆయనకు కూడికలు బాగా వచ్చు" అన్నది.

ఆయనకు కూడికలు బాగా వచ్చు. నిజమే. రోజుకు ఎన్ని పలకలు కోశాడో, ఎన్ని పగిలాయో, మేస్త్రీ ఎంత ఎగ్గొట్టాడో నోటితో లెక్క కట్టి చెప్పేవాడు. చెప్పి ఉంటే వినేవాడో లేదో, అది వేరే సంగతి. ఋగ్వేదం పదవ మండలంలోనే ఒక జూదరి తన గోడు వెళ్ళబోసుకున్న సూక్తం ఉన్నది. అన్ని వేల ఏళ్ళుగా తెలిసి కూడా మానలేని వ్యసనం ఇది. అయినా, వినకపోవడం ఆయన వంతు, చెప్పడం నా వంతు. నా వంతు నేను అయిదు రూపాయలకు అమ్ముకున్నాను.

ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు వసారాలో ఫోను చూసుకుంటున్నాడు. వెనుకనుంచి తొంగిచూశాను. తెరమీద ఎరుపు, ఆకుపచ్చ గుండ్రాలు. వాటి కింద సున్నానుంచి తొమ్మిది దాకా అంకెలు. పక్కన వెనుకకు లెక్కపెట్టే గడియారం. ఆ పైన, ఇంతవరకు వచ్చిన అంకెల వరుస. చార్టు! నా దస్తూరీ ఒక్కటే తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైను జూదాన్ని నిషేధిస్తూ చట్టం సవరించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధించింది. అయినా ఏదో దొంగదారిన అది మా వసారాలోకి వచ్చింది. మా బంకులో డ్రా గంటకొకటి. ఇక్కడ మూడు నిమిషాలకొకటి.

"డబ్బులు పెట్టలేదు మామా, ఊరికే చూస్తున్నా" అన్నాడు కంగారుగా.

నేనేమీ అనలేదు. లోపల అటక మీద వెదికితే మా అక్క చదువుకున్న రోజులనాటి రాతి పలక దొరికింది, చట్రం ఒకవైపు ఊడిపోయి. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, బలపంతో పది గళ్ళు గీశాను. ఒక్కొక్క గడిలో 11 వేయించాను. "మొత్తం ఎంత?" అన్నాను. "నూట పది" అన్నాడు. "గెలిస్తే వచ్చేది వంద" అన్నాను.

వాడు పలక వైపు చూశాడు. నా వైపు చూశాడు. "అంటే గెలిచినా పోతాయా?" అన్నాడు.

అప్పుడు మిగతా సగం కూడా చెప్పాను. బంకు సంగతి, చార్టు సంగతి, నాలుగు సంగతి, అయిదు రూపాయల సంగతి. మా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ట్యూషను అబద్ధమని ఆమెకు అప్పుడే తెలుసునట. ముప్పై ఏళ్ళు దాటినా ఒక్కమాట అడగలేదు.

పలక తుడవబోతుంటే పిల్లవాడు వద్దన్నాడు. అలాగే ఉండనిమ్మన్నాడు. నేను వచ్చే రోజు చూసినప్పుడు కూడా అది వసారా గోడకు ఆనించి ఉన్నది. పది గళ్ళు, పది పదకొండ్లు, కింద గీత, గీత కింద నూట పది.